సోమయాజులు గారు స్టేజీ మీద రామప్పపంతులు, సినిమాలో శంకరశాస్త్రి: ఒకే మనిషి ఇదెలా చేశాడు?

రెండో గంట:

అందరికీ నమస్కారమండీ. మాది విజయనగరం వైపు. పగలు ఆఫీసు, సాయంత్రం రిహార్సల్. పరిషత్తులకు, అంటే నాటక పోటీలకు తిరుగుతుంటాం, బహుమతి వస్తే వస్తుంది, లేకపోతే బస్సు ఖర్చులు మా జేబులోంచే.

ఈమధ్య ఒక వెబ్ సిరీస్‌లో ఊరి గుడి పూజారి వేషం వేశాను. చిన్నదే, కానీ జనంలోకి బాగా వెళ్లింది. ఇప్పుడు కూరగాయల బజారుకెళ్తే "పంతులుగారూ, ముహూర్తం చెప్పండి" అంటున్నారు, నవ్వుకుంటూ అనేవాళ్లు కొందరైతే నిజంగానే అడిగేవాళ్లు కొందరు. దానికేం గానీ, ఆ తర్వాత వచ్చిన పిలుపులన్నీ పూజారి, పురోహితుడు, మళ్లీ పూజారి. ఒకాయన మాత్రం కాస్త కొత్తగా ఆలోచించి జ్యోతిష్కుడి వేషం ఇస్తానన్నాడు. ఇరవై ఏళ్లుగా స్టేజీ మీద లుబ్ధావధాన్లు, పోలీసు, తాగుబోతు, జమీందారు అన్నీ వేసినవాణ్ణి, ఇది మింగుడు పడటం లేదు.

అందుకే జె.వి.సోమయాజులు గారి గురించి అడుగుతున్నాను. బయట లోకానికి ఆయన శంకరాభరణం సినిమాలో శంకరశాస్త్రి, అంతే. మా వైపు పెద్దవాళ్లకు మాత్రం ఆయన గురజాడ కన్యాశుల్కం నాటకంలో రామప్పపంతులు. తమ్ముడు జె.వి.రమణమూర్తి గారు గిరీశం, అన్నగారు రామప్పపంతులు. ఏళ్ల తరబడి ఆ జంట ఊరూరా ఆడింది. రామప్పపంతులంటే మీకు తెలిసిందే కదా, కోర్టు కాగితాలు, దొంగ సాక్ష్యాలు, పైకి ప్రగల్భాలు, లోపల పిరికితనం. వేశ్య మధురవాణి ఇంట్లో మంచం కింద దూరే మనిషి. అంత జిత్తులమారి వేషం అన్నేళ్లు వేసిన మనిషి 1980లో శంకరాభరణం రాగానే ఒక్కసారిగా ఋషి అయిపోయాడు. తర్వాత ఇండస్ట్రీ ఆయన్ని మళ్లీ మంచం కిందకి దూరనివ్వలేదు.

నా ప్రశ్నలు రెండు. ఒకటి, స్టేజీ నుంచి కెమెరా ముందుకు వచ్చినప్పుడు ఆయన నటనలో ఏం మార్చుకున్నారు? నన్నయితే ప్రతి డైరెక్టరూ "సార్, కొంచెం తగ్గించండి" అంటాడు, ఏం తగ్గించాలో చెప్పడు. రెండోది, నాకు అనిపించేదేమిటంటే నాటకంలో వేసిన వేషం రంగు కడుక్కోగానే పోతుంది, సినిమా వేషం మాత్రం మనిషిని తినేస్తుంది. ఇది నిజమేనా?

---

పరిషత్తు పిచ్చోడు:

మంచి ప్రశ్న మాస్టారూ. మొదటిదానికి నాకు తోచింది చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

"తగ్గించండి" అనేది పనికిరాని సలహా. తగ్గిస్తే మిగిలేది తక్కువ నటన, అంతే. సోమయాజులు గారు తగ్గించలేదు, పనిని మాట మీద నుంచి చెవి మీదకు మార్చారు. రామప్పపంతులు పాత్ర అంతా మాట మీద నడుస్తుంది. ఒక అబద్ధం ఆడి, దాన్ని కప్పడానికి ఇంకోటి ఆడి, మధ్యలో మధురవాణి పొడిస్తే అది పొగడ్త అనుకుని మురిసిపోయి, మళ్లీ కోతలు కోసి. నోటికి తీరుబడి ఉండదు. శంకరశాస్త్రికి మాటలే తక్కువ. సినిమా మళ్లీ ఒకసారి పెట్టుకుని చూడండి, కానీ ఆయన పాడుతున్నప్పుడు కాదు, వేరేవాళ్లు పాడుతున్నప్పుడు చూడండి. పెళ్లిచూపుల్లో కూతురు పాడుతూ స్వరం తప్పుతుంది. ఆయన "శారదా!" అని గద్దించేది తర్వాత, ముందు తప్పు ఆయన చెవిన పడటం మనకు మొహంలో కనిపిస్తుంది. ఆ సినిమాలో ఆయన నటనలో సగం వినడమే. వినే మొహం మీద కెమెరా ఎంతసేపైనా నిలుస్తుంది, అరిచే మొహం మీద నిలవదు.

ఇదేదో సినిమాకొచ్చాక నేర్చుకున్న విద్య కూడా కాదనుకుంటాను. మధురవాణి ఎత్తిపొడుపు అర్థం కాకుండా వినడం అనేది రామప్పపంతులు వేసేవాడికి రోజూ పనే. అవతలివాడి మాట ప్రతిరోజూ కొత్తగా విన్నట్టు వినగలిగినవాడే స్టేజీ మీద నిలబడతాడు, తన డైలాగు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చునేవాడు దొరికిపోతాడు. మన పరిషత్తుల్లో నూటికి ఎనభై మంది ఆ రెండో రకమే (కోపం తెచ్చుకోకండి, నేనూ న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చుని చూసినవాణ్ణే).

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ పాటలు ఆయన పాడలేదు, బాలసుబ్రహ్మణ్యం గారు పాడారు. పద్యనాటకాల నుంచి సినిమాకు వచ్చినవాళ్లకు గొంతే ఆస్తి. చిత్తూరు నాగయ్య గారు తన పాట తానే పాడుకున్నారు, ఈలపాట రఘురామయ్య గారూ అంతే. వాళ్లకు వేరేవాళ్ల గొంతు అరువు పెడితే సగం మనిషి పోయినట్టే. సోమయాజులు గారిది వచన నాటకం. కన్యాశుల్కంలో పద్యం పట్టుకుని రాగం తీసి వన్స్‌మోర్ కొట్టించుకునే పని లేదు. కాబట్టి పోగొట్టుకోవడానికి తనదైన పాటంటూ లేదు, అరువు గొంతుకు శరీరం ఇవ్వడం ఒక్కటే పని. ఆ శరీరం ఎలా ఇచ్చారో చూడండి. ఊపిరి ఎక్కడ తీయాలో అక్కడే ఛాతీ లేస్తుంది. పెదాలు కలపడం ఎవరైనా చేస్తారు, ఊపిరి కలపడం కష్టం. బాలు గారు దక్షిణాది అంతా తెలిసిన గొంతు కదా, అయినా శంకరశాస్త్రి పాడుతుంటే మనకు బాలు గుర్తుకు రారు. దాంట్లో బాలు గారి గొప్ప ఎంత ఉందో ఈయన గొప్పా అంతే ఉంది. సంగీతం చేసిన మహదేవన్ గారికీ, బాలు గారికీ, వాణీ జయరాం గారికీ జాతీయ అవార్డులొచ్చాయి, సంతోషం. ఆ గొంతును నమ్మించిన మనిషికి మాత్రం ఆ జాబితాలో చోటు లేదు.

---

తాసీల్దారు కచేరీ:

పైన చెప్పింది బాగుంది గానీ ఒకటి వదిలేశారు. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరుగా పనిచేశారు. రెవెన్యూలో పనిచేసినవాళ్లకు ఈ ముక్క వెంటనే అర్థమవుతుంది. ఆ ఉద్యోగంలో రోజంతా చేసేది అర్జీలు వినడమే. గదిలోకి వస్తే అందరూ లేచి నిలబడతారు, గొంతు పెంచాల్సిన అవసరం ఉండదు, కళ్లజోడు తీసి బల్ల మీద పెడితే చాలు ఎదుటివాడు సగం నిజం చెప్పేస్తాడు. శంకరశాస్త్రిలో ఆ ఠీవి ఉంది చూశారూ, "నేను గొప్పవాణ్ణి" అని చూపించాల్సిన పని లేని ఠీవి, అందులో కొంత సర్కారు నౌకరీ పెట్టిన భిక్షే అని నా గట్టి నమ్మకం. ఆ మాటకొస్తే రామప్పపంతుళ్లను కూడా ఆయన నాటకంలో కన్నా కచేరీ వరండాలోనే ఎక్కువ మందిని చూసి ఉంటారు. ఇప్పటికీ ఉన్నారు, సెల్‌ఫోన్ ఒకటి తోడయింది అంతే.

మీ రెండో ప్రశ్నకు కూడా నా జవాబు ఉద్యోగమే. ఆయన పుట్టింది 1928లో, సినిమా వచ్చేసరికి వయసు యాభై దాటింది. అప్పటికే ఇంట్లో ఒక మనిషి, ఆఫీసులో ఒక మనిషి, స్టేజీ మీద ఒక మనిషి. శంకరశాస్త్రి నాలుగోవాడుగా వచ్చి చేరాడు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అలాంటి హిట్ తగిలితే వాడి కింద నేల ఉండదు, అదే వాడి పేరు, అదే వాడి కూడు. ఈయనకు కూడు అక్కణ్ణుంచి రావాల్సిన పని లేదు.

నాగయ్య గారిని చూడండి. పోతన, వేమన, త్యాగయ్య వేశారు, జనం కాళ్లకు మొక్కారు, ఆయన కూడా చేతికి ఎముక లేనట్టే బతికారు, సంపాదించింది అంతా పెట్టేసి చివరి రోజుల్లో ఇబ్బంది పడి 1973లో పోయారు. పాత్ర మనిషిని తినడం అంటూ ఉంటే అది. సోమయాజులు గారు కూడా 1981లో బాపు గారి త్యాగయ్య వేశారు, అదే పాత్ర. ఆయన దారి వేరు.

కాబట్టి తమ్ముడూ, ఉద్యోగం మానకు. శాఖ అనుమతి కాగితం మాత్రం ముందే తీసుకుని దగ్గర పెట్టుకో. సిరీస్ హిట్టయ్యాక పక్క సీటువాడు రాసే ఆకాశరామన్న ఉత్తరం గురించి నీకు తెలియనిది కాదు.

---

కంకిపాడు బస్సు:

శంకరశాస్త్రి చుట్టూనే తిరుగుతున్నారు, మా కోట శ్రీనివాసరావు గారిని మరిచిపోయారేం? ఆయనా నాటకాలవారే, ఆయనకూ స్టేట్ బ్యాంకు ఉద్యోగం ఉండేది. ప్రాణం ఖరీదు నాటకంలో వేసి, అదే సినిమా అయితే 1978లో అందులో కనిపించారు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1985లో ప్రతిఘటన వచ్చింది, మంత్రి కాశయ్య. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన మనిషి తెలంగాణ యాస మాట్లాడితే ఆయనది అక్కడే అనుకున్న జనం ఎంతమందో. తర్వాత రెండేళ్లకే అహ నా పెళ్లంట. కాశయ్యను చూసి భయపడినవాళ్లే లక్ష్మీపతి పిసినారితనం చూసి కింద పడి నవ్వారు. ముద్ర ఎక్కడ పడింది? పడటానికి టైమ్ ఇవ్వలేదు ఆయన.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కోట గారిలో లక్ష్మీపతిని చూసింది అహ నా పెళ్లంట డైరెక్టరు జంధ్యాల. శంకరాభరణానికి మాటలు రాసిందీ జంధ్యాలే. ఆయనా నాటకాలు రాసి వచ్చినవారే కాబట్టి స్టేజీ నటుడిలో ఇంకో మనిషి ఉంటాడని తెలుసు. సోమయాజులు గారి చేత ఒక పూర్తి స్థాయి రామప్పపంతులు లాంటి వేషం ఎవరైనా సినిమాలో వేయించి ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది. 1955 కన్యాశుల్కం సినిమాలో ఆ వేషం సి.ఎస్.ఆర్. గారిది, ఆయనా స్టేజీ మనిషే, కానీ అప్పటికి సోమయాజులు గారు సినిమా వాళ్లకు తెలియదు. తెలిసేసరికి శంకరశాస్త్రి అడ్డమొచ్చాడు.

నా లెక్క ప్రకారం అసలు ఆట మొదటి హిట్‌ది కాదు, దాని తర్వాత వేసే రెండు మూడు వేషాలది. అక్కడ వేరే రకం దొరికితే బతికిపోతాం. పూజారి తర్వాత పూజారి ఒప్పుకుంటే ఇక మీరు గుళ్లోనే.

---

రెండో గంట:

అందరికీ ధన్యవాదాలు. "వినడం" గురించి చెప్పింది నాకు బాగా తగిలింది. మేము స్టేజీ మీద వినేటప్పుడు కూడా వింటున్నట్టు వెనక వరుస దాకా చూపించాలి కదా, తల ఊపడం, భుజం తిప్పడం. కెమెరా ముందు అదే చేస్తున్నానని ఇప్పుడు అర్థమైంది.

కంకిపాడు అన్నగారూ, దొరికితే మానతామా? అడగడానికి ఫోన్ చేసేవాడు లేనప్పుడు ఒప్పుకోకుండా ఎలా? సోమయాజులు గారికైనా కోట గారికైనా వచ్చినవాటిలోంచే కదా ఏరుకోవడం.

---

మొండి ప్రేక్షకుడు:

మీ సిద్ధాంతం నేను ఒప్పుకోను. నాటకం వేషం రంగుతో పాటు పోతుందట, సినిమాదే అంటుకుంటుందట. నాగభూషణం గారు ఎన్ని సినిమాల్లో విలనీ చేశారో లెక్కలేదు, అయినా చివరిదాకా ఆయన రక్తకన్నీరు నాగభూషణమే. రక్తకన్నీరు నాటకం! సినిమాలు ఆ పేరు చెరపలేకపోయాయి. ఆడవేషాలకు పేరుపడ్డ బాపట్ల స్థానం నరసింహారావు గారు పంచె కట్టుకుని ఎదురుగా కూర్చున్నా జనానికి సత్యభామే కనిపించేది, 1956లో పద్మశ్రీ కూడా ఆ చీరకే వచ్చింది.

మన తెలుగువాళ్లకు ఇది అలవాటు, పని చూసి ఇంటిపేరు మార్చేస్తాం. షావుకారు జానకి, సాక్షి రంగారావు, సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు. వీళ్లలో రంగారావు, వీరభద్రరావు, వేలు ముగ్గురూ స్టేజీ నుంచి వచ్చినవాళ్లే. జొన్నలగడ్డ వారి అబ్బాయి అదృష్టవంతుడు, కనీసం ఇనీషియల్స్ మిగిలాయి, పోస్టర్ మీద జె.వి.సోమయాజులే ఉంది. కాబట్టి మిమ్మల్ని బజార్లో పంతులుగారూ అంటే అది మీ నటనకు వచ్చిన నష్టం కాదు, మా ప్రేమకున్న పద్ధతి అంత. విసుక్కోకుండా ముహూర్తం చెప్పేయండి.

ఇంకోటి. ముద్ర, ముద్ర అని ఏడుస్తారు గానీ, ముద్ర పడిన పాత్రలన్నీ ఒకటేనా? సప్తపది సినిమాలో సోమయాజులు గారు వేసిన యాజులు పాత్ర బయటికి శంకరశాస్త్రి తమ్ముడిలా ఉంటుంది. అదే తెల్ల పంచె, అదే గంభీరం. కానీ శంకరశాస్త్రి ఎవరేమన్నా తను నమ్మింది మారని మనిషి. యాజులు జీవితమంతా నమ్మినదాన్ని మనవరాలి కోసం తన చేత్తోనే పక్కన పెట్టే మనిషి, అగ్రహారం మొత్తం చూస్తుండగా ఆమెను ఆమె ప్రేమించిన హరిజన కుర్రాడికి అప్పగిస్తాడు. ఒకే బట్టల్లో రెండు వేర్వేరు మనుషులు. వేషం మారితేనే వైవిధ్యం అనుకోవడం ఫ్యాన్సీ డ్రెస్ పోటీల్లో చెల్లుతుంది.

---

మంచం కింద మధురవాణి:

నేను స్టేజీ నటిని, కాబట్టి ఇంకో వైపు చెప్తాను. మీ మగవాళ్లంతా ఒక నాటక సమాజంలో ఉంటారు, ఒక నాటకం ఏడాదంతా ఆడతారు, పాత్ర లోపలికి వెళ్లిందా బయటికి వచ్చిందా అని తీరిగ్గా ఆలోచిస్తారు. మాలో చాలామందికి అంత సౌకర్యం లేదు. మేము ప్రదర్శనకింత అని తీసుకుని వస్తాం. ఒకే పరిషత్తులో ఒక సమాజానికి తల్లి, మరుసటి రోజు ఇంకో సమాజానికి కూతురు, మధ్యలో బస్టాండులో ఇడ్లీ తిని మూడో స్క్రిప్టు చదువుకోవడం. గుర్తింపు సంక్షోభం అనే పెద్ద మాటకు అక్కడ టైమ్ దొరకదు.

కానీ ముద్ర మాకు పడితే మీకు పడినట్టు పడదు. మీకు పూజారి ముద్ర పడితే నమస్కారం పెడతారు. మధురవాణి వేసినందుకు నాకు పెట్టింది నమస్కారం కాదు. ఇల్లు అద్దెకు ఇవ్వడానికి ఒకావిడ ఎంత నసిగిందో చెప్పడం ఇప్పుడు అనవసరం. నాటకంలో అందరికన్నా తెలివైనది, అందరికన్నా నిజాయితీ ఉన్నది మధురవాణే, గురజాడ అలా రాశారు, చూసినవాళ్లు చప్పట్లూ కొట్టారు. గేటు దాటగానే మాత్రం వేషమే గుర్తుంటుంది, తెలివి గుర్తుండదు.

శంకరాభరణంలో సోమయాజులు గారి గురించే అందరూ మాట్లాడతారు. మంజుభార్గవి గారి సంగతి చూడండి. అంతకుముందు ఆవిడకు సినిమాల్లో దొరికినవి క్లబ్ డాన్సులు. నాట్యం నేర్చుకున్న మనిషిని అలా వాడుకున్నారు. డైరెక్టర్ విశ్వనాథ్ గారు తీసుకొచ్చి తులసి వేషం ఇస్తే ఒక్క సినిమాతో ఆవిడ మీద ఉన్న చూపు మారింది. అంటే ఒకే సినిమా ఒకరికి ముద్ర వేసింది, ఇంకొకరికి ఉన్న ముద్ర తుడిచింది. సినిమా మనిషిని తింటుందని ఒకటే పాట పాడకండి, ఎవరి దగ్గర మొదలుపెట్టామన్నదాన్ని బట్టి ఉంటుంది.

---

పరిషత్తు పిచ్చోడు:

అమ్మా, మీ మాట చదివాక నాకు ఒకటి తట్టింది, ఇన్నేళ్లుగా రెండూ చూస్తూ కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు. సోమయాజులు గారు స్టేజీ మీద చేసిందీ, సినిమాలో చేసిందీ రెండూ వేశ్య ఇంటి గుమ్మం చుట్టూ తిరిగే పాత్రలే. రామప్పపంతులు మధురవాణిని ఉంచుకుని, బయట పెద్దమనిషిలా తిరుగుతాడు. శంకరశాస్త్రి వేశ్య కూతురు తులసికి నీడ ఇస్తే ఊరు వెలేస్తుంది. ఒకడు చాటుగా తప్పు చేసి పరువు కాపాడుకుంటాడు, ఇంకొకడు బహిరంగంగా మంచి చేసి పరువు పోగొట్టుకుంటాడు. అదే అగ్రహారం, అవే నాలుకలు. రామప్పపంతులుగా ఆ అగ్రహారాన్ని లోపల్నుంచి చూసి వచ్చినవాడు కాబట్టే, ఊరు తన మీద గుసగుసలాడుతుంటే శంకరశాస్త్రి మొహంలో ఆశ్చర్యం కనిపించదు. వాళ్లేం అంటారో ఆయనకు ముందే తెలుసు, ఎందుకంటే అలా అనేవాడిగా ఆయనే బోలెడు రాత్రులు స్టేజీ మీద ఉన్నారు.

ఇది నా ఊహే. విజయనగరం వాణ్ణి కాబట్టి కాస్త ఎక్కువే అనుకోండి. కానీ పాత వేషం కొత్త వేషం లోపల ఎక్కడో పనిచేస్తూనే ఉంటుందని నేను నమ్ముతాను. రెండో గంట గారూ, మీ పూజారిలో కూడా మీ తాగుబోతు, మీ పోలీసు ఎక్కడో ఉండే ఉంటారు. ఈసారి షాట్‌లో డైలాగు మీద కాకుండా ఎదుటివాడి మీద ధ్యాస పెట్టి చూడండి. తల ఊపడం, భుజం తిప్పడం మానేసి ఊరికే వినండి. "తగ్గించండి" అని మళ్లీ అంటాడేమో చూద్దాం.

---

తాసీల్దారు కచేరీ:

మొండి ప్రేక్షకుడు గారితో ఒక్క పేచీ. ఇనీషియల్స్ మిగిలాయి అన్నారు, పోస్టర్ మీద మిగిలాయి నిజమే. 2004లో ఆయన పోయినప్పుడు మా ఆఫీసులో అందరూ అన్న మాట "శంకరశాస్త్రి పోయాడు" అనే. ఒకే ఒక్క రిటైర్డ్ సూపరింటెండెంట్ మాత్రం "మా సోమయాజులు పోయాడు, ఫైలు మీద సంతకం ముత్యంలా ఉండేది" అన్నాడు. ఎంత సినిమా అయినా ఫైలు చూసినవాడికి ఫైలే గుర్తుంటుంది.

---

రెండో గంట:

పెద్దలందరికీ మరోసారి నమస్కారం. కంకిపాడు అన్నగారి మాట పట్టుకుని ధైర్యం చేశాను. మొన్న పిలిచిన కాస్టింగ్ కుర్రాడికి "బాబూ, పూజారి వేషం ఈసారి వద్దు, నేను వేరేవి కూడా చేస్తాను" అని మా లుబ్ధావధాన్లు వీడియో పంపాను. పరిషత్తులో ఉత్తమ నటుడు వచ్చిన ప్రదర్శన అది. కుర్రాడు మొత్తం చూశాడట పాపం. చూసి ఫోన్ చేసి "సూపర్ సార్, కానీ దీంట్లో కూడా పిలక ఉంది కదా సార్" అన్నాడు.

---

కంకిపాడు బస్సు:

అయ్యో మాస్టారూ, కన్యాశుల్కంలోనే హెడ్డు కనిస్టీబు ఉన్నాడు కదా! ఆ వేషం ఎవరేస్తున్నారు మీ సమాజంలో? ఆయన్ని ఒక్క ప్రదర్శనకు కూర్చోబెట్టి మీరు వేయండి, మీసం ఒత్తుగా పెట్టించి వీడియో తీసి పంపండి.

---

రెండో గంట:

మా సెక్రటరీ వేస్తున్నాడండీ. హాలు అద్దె కట్టేదీ ఆయనే.